పిడి లేని తిరగలి

బిలాస్‌పూర్ వెళ్ళొస్తానంటే విజయనగరంలో మా వీధివాళ్ళందరూ అడిగిన మాట ఒక్కటే: అక్కడ చూడ్డానికేముంది? నేనూ పెద్దగా ఏమీ ఉండదనే అనుకుని బయల్దేరాను. రతన్‌పూర్‌లో మహామాయ అమ్మవారి దర్శనం, ఒక కోసా పట్టుచీర, మా అప్ప చేతి వంట, అంతకు మించి ఆశ పెట్టుకోలేదు. నాది టైలరింగు దుకాణం. మంచి గుడ్డ కనబడితే కాళ్ళు ఆగిపోతాయి, దెయ్యాల కబుర్లు వినబడితే నవ్వొచ్చేస్తుంది. తిరిగొచ్చాక మొదటి అలవాటు అలాగే ఉంది. రెండోది మాత్రం ఆ ఊళ్ళోనే వదిలేసి వచ్చాను.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. బిలాస్‌పూర్ చాలా మంచి ఊరు. నేను రాయబోయేది చదివి ఆ ఊరిని తప్పుపట్టకండి. తప్పు మన వైపు నుంచే వెళ్ళింది, అదీ నా చేతిసంచీలో.

బండిలో పొట్లం

అప్ప అంటే మా పెద్దమ్మ కూతురు నర్సమ్మ. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. ఆవిడ భర్త సూర్యనారాయణ బావ బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. బావ తండ్రి కూడా ఆ షెడ్డులోనే పనిచేశాడు. జీవితమంతా రైల్వే క్వార్టర్లో ఉన్నవాళ్ళు, రిటైరయ్యాక అర్పా నది పక్కన జూనా బిలాస్‌పూర్‌లో, అంటే పాత ఊళ్ళో, ఒక పాత పెంకుటిల్లు కొనుక్కున్నారు. కొడుకు రైలు నడుపుతాడు, ఎప్పుడూ లైను మీదే ఉంటాడు. కోడలు స్వప్నకి ఏడో నెల. అంతకు ముందు ఒక కాన్పు మధ్యలోనే పోయింది. ఇంట్లో అందరి ప్రాణాలూ ఈ బిడ్డ మీదే ఉన్నాయి.

నేను టికెట్ తీసుకున్న రోజే అప్ప ఫోన్ చేసింది.

"ఒసే సత్తీ, ఈ ఇంట్లో ఏటో ఉందే. మజ్జానం అయితే సాలు, తిరగలి తిరుగుతంది. తిప్పీవాళ్ళు నేరు. ఇల్లమ్మిన ముసిల్ది ఉంది కదా, అదే సిల్లంగి పెట్టీసినట్టుంది. కోడల్ది ఏడో నెల. నాకు బయ్యంగా ఉందే. దాలయ్య తాత కాడికి ఎల్లి ఏదో ఒకటి పట్రా."

దాలయ్య మా వీధి చివర భూతవైద్యం చేస్తాడు. విషయం చెప్పగానే నాలుగు ఇనప మేకులు పసుపు దారంతో చుట్టి, ఏదో చదివి, పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికి నాలుగు మూలలా కొడితే దిగ్బంధనమట. ఇంట్లో ఉన్నదేదైనా సరే, ఉన్నచోటే కదలకుండా పడి ఉంటుందట. నేను నవ్వుకుంటూనే పొట్లాన్ని సంచీలో, సున్నుండల డబ్బా పక్కన పడేశాను.

బండి రాయగడ దాటేసరికి ఎదుటి సీటావిడతో స్నేహం కలిసింది. ఆవిడ తాతల కాలంలో పార్వతీపురం నుంచి బిలాస్‌పూర్ రైల్వేకి వెళ్ళిన కుటుంబం. పూరీలూ వంకాయ కూరా పెట్టింది. నా సంచీలోంచి వస్తున్న పసుపు వాసన పట్టుకుని "ఏటమ్మా అది?" అని అడిగితే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మన మేకులు మనూరి బూతాలకి పనిచేస్తాయి తల్లీ. అక్కడ ఏటున్నాదో తెల్సుకుని కొట్టండి" అని, చేతులు కడుక్కుని పడుకుంది. చాదస్తం అనుకున్నాను.

స్టేషన్ బయట పోహా, జిలేబీ

పొద్దున్నే దిగేసరికి సన్నగా వాన. బావ స్కూటర్ మీద వచ్చాడు. "బాగున్నావేటి మరదలా? అచ్ఛా, ముందు నాస్తా, తరవాతే ఇల్లు" అని స్టేషన్ బయట బండి దగ్గర ఆపాడు. ఇక్కడ పొద్దుటి పలహారం పోహా, అంటే మన అటుకుల ఉప్మా. పైన సన్న కారప్పూస చల్లి, పక్కన వేడి జిలేబీ పెడతారు. కారమూ తీపీ ఒకే ఆకులో తినడమేమిటని మొదట ముఖం చిట్లించాను. తర్వాత రెండో ప్లేటు నేనే అడిగాను. మా ఊళ్ళో రెండు ఇడ్లీలకయ్యే డబ్బుకి అక్కడ కడుపు నిండిపోయింది.

రైల్వే కాలనీ రోడ్లు చూస్తే ముచ్చటేసింది. విశాలంగా, రెండు వైపులా చెట్లు, వానకి కడిగినట్టున్న క్వార్టర్లు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ "ఏటి, ఈ బెండకాయలు ఇంత ముదురుగా ఉన్నాయి?" అని తెలుగులో దబాయిస్తుంటే, బండివాడు హిందీలో దేవుడి మీద ఒట్లు వేస్తున్నాడు. ఇద్దరికీ రెండో భాష పూర్తిగా అర్థమవుతోంది, ఎవరూ తమది వదలడం లేదు. ఆ దర్జా నాకు భలే నచ్చింది.

జూనా బిలాస్‌పూర్‌లో సందులు సన్నబడ్డాయి. అప్ప ఇల్లు నాటు పెంకులది. మట్టిగోడలు, మధ్యలో వాకిలి, చుట్టూ వసారా, వెనక దొడ్డి. వీధి గుమ్మం చూడగానే నా కళ్ళు నిలిచిపోయాయి. ద్వారబంధం నిండా పాత మేకుల తలలే. తుప్పుపట్టి, ఒకదాని పక్కన ఒకటి, పైకంటా ఉన్నాయి.

"ఇంత పిచ్చిగా మేకులు కొట్టిన వడ్రంగి ఎవరు బావా?" అన్నాను.

"వడ్రంగి కాదు. ఇక్కడ హరేలీ అని పండగ. వీళ్ళ లెక్కలో శ్రావణ అమావాస్యకి ప్రతి ఇంటి గుమ్మానికీ ఒక మేకు కొడతారు. బయటిది బయటే ఉండాలని. మనం క్వార్టర్లో పెరిగాం, మనకి ఇవన్నీ తెలీవు" అన్నాడు.

ఆ హరేలీ నేను దిగిన మూడో రోజే వచ్చింది.

మధ్యాహ్నం వినబడింది

అప్ప భోజనం గురించి రాయకపోతే పాపం. అరటికాయ వేపుడు, గోంగూర, చివరికి ఒక మట్టిగిన్నెలో 'బాసీ'. రాత్రి అన్నంలో నీళ్ళుపోసి పొద్దున్న ఉల్లిపాయతో తింటారట ఇక్కడివాళ్ళు. మన తరవాణికి అక్కచెల్లెలు. తరవాణి కాస్త పులుపెక్కువ, ఇది చలవ. స్వప్న ఆ గిన్నెను వదలకుండా తింటోంది. రైల్వే కుటుంబంలోనే పుట్టి బిలాస్‌పూర్‌లో పెరిగిన పిల్ల. నెమ్మదైన మనిషి. మాటలో హిందీ కలుస్తుంది, కళ్ళలో నవ్వు ఉంటుంది.

తిన్నాక అందరూ నడుం వాల్చారు. వాన ఆగింది. అప్పుడు వినబడింది.

రాయి మీద రాయి. నెమ్మదిగా, బరువుగా, ఒకే లయలో. చిన్నప్పుడు అమ్మమ్మ పిండి విసురుతుంటే వినబడే చప్పుడు అది. నేను ఎప్పుడు లేచి కూర్చున్నానో నాకే తెలియదు. అప్ప నా చెయ్యి పట్టుకుంది.

చప్పుడు వాకిలికి అవతల గదిలోంచి వస్తోంది. బయట గొళ్ళెం వేసి ఉంది. "గూడ్స్ బండి వైబ్రేషన్" అన్నాడు బావ, కానీ ఆ మాట ఆయన చెప్పులకేసి చూస్తూ అన్నాడు. రైలు లైను అక్కడికి చాలా దూరం. నేను వెళ్ళి గొళ్ళెం తీశాను. చప్పుడు ఆగిపోయింది.

గది ఖాళీగా ఉంది. నేలలో మట్టితో పాతిన పెద్ద తిరగలి ఒకటే ఉంది. పై రాయికి పిడి లేదు, పిడి ఉండాల్సిన చోట ఉత్త రంధ్రం. తిప్పుదామన్నా పట్టు దొరకదు. రాళ్ళ మధ్య అంచు చుట్టూ తెల్లటి పిండి సన్నగా రాలి ఉంది. వేలితో తీసి చూశాను, బియ్యప్పిండి, ఇప్పుడే విసిరినంత మెత్తగా. రాయి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

నేను నవ్వలేదు.

నాలుగు మూలలు

"సూసావా? నేను సెప్పనేదూ?" అంది అప్ప. "ఇల్లమ్మేసినా ఆ ముసిల్దానికి ఇల్లు మీద ఆశ సావనేదు. పోయినేడు హరేలీకి మేకు అట్టుకుని ఒచ్చింది. నోపలికి రానిమ్మని ఏడుపు. నువ్వు టోన్హీవి పో అని తరిమీసాను."

టోన్హీ అంటే అక్కడ మంత్రగత్తె. ఆ మాట పడిన ఆడదాన్ని వీధి వీధంతా వెలివేస్తుందట. అప్ప ఆ మాట అన్నందుకు బావ సిగ్గుపడుతున్నట్టు తలవంచుకున్నాడు. నాకూ బాగోలేదు. కానీ ఆ వెచ్చటి రాయి నా చేతికి ఇంకా అంటుకునే ఉంది. పొట్లం తీసి నేనే అప్ప చేతిలో పెట్టాను.

దీపాల వేళకి బావ మూడు మూలలా మేకులు కొట్టాడు. నాలుగోది తిరగలి గదిలో, ఈశాన్యపు మూల గోడ అడుగున కొట్టాలి. ఫిట్టర్ చెయ్యి కదా, రెండు దెబ్బల్లో దిగాలి. అది దిగలేదు. గట్టిగా కొట్టినకొద్దీ వెనక్కి వచ్చింది. చివరికి ఒంట్లో సత్తువంతా పెట్టి కొట్టాడు. దిగిన క్షణాన తిరగలి పై రాయి ఒక్కసారి కిర్రుమని కొంచెం కదిలి, ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

"అయిపోనాది!" అని అప్ప నాకు దండం పెట్టినంత పనిచేసింది. వసారాలో కూర్చున్న స్వప్న మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆ గది వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదని పొద్దున్న చెప్పింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

రతన్‌పూర్

మర్నాడు అప్పా నేనూ రతన్‌పూర్ వెళ్ళాం. ఇది ఒకప్పుడు రాజులున్న ఊరు. ఇప్పుడు చెరువులు, పొలాలు, బస్సుల్లో దిగే భక్తులు. వానాకాలం కాబట్టి ఏ చెరువు చూసినా నిండుగా ఉంది. మహామాయ అమ్మవారి గుడి గురించి ఎంత చెప్పినా తక్కువే. పాతరాతి స్తంభాల మధ్య నిలబడితే చల్లదనం కాళ్ళనుంచి పైకి పాకింది. పూజారి ఎవర్నీ తొయ్యలేదు, కదలమని అరవలేదు. మన గుళ్ళలో అలవాటైన ఆ తోపులాట లేక నేనే తికమకపడి ఎక్కువసేపు నిలబడిపోయాను.

బయటికొచ్చేసరికి నా చెప్పులు లేవు. పూలమ్మే ఆవిడ చూసి, తన పాత చెప్పులు ఇచ్చేసి, డబ్బిస్తే తీసుకోలేదు. "అమ్మవారి ఊరికొచ్చి వట్టికాళ్ళతో వెళ్తావా?" అంది హిందీలో. ఆ చెప్పులు ఇప్పటికీ దుకాణంలో వేసుకుంటున్నాను.

దారిలో అప్ప తేలిగ్గా ఉంది. పుట్టబోయే మనవడికో మనవరాలికో పేర్లు వెతుకుతోంది. అప్ప అంతగా నవ్వడం చూసి చాలా కాలమైంది. పొట్లం మోసుకొచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

దొడ్డి తలుపు

సాయంత్రం ఇంటికి చేరేసరికి స్వప్న వసారా స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ముఖంలో రంగు లేదు.

"అత్తమ్మా, మీరు మధ్యలో ఇంటికొచ్చారా?" అని అడిగింది.

"నేదే. ఇప్పుడే కదా ఒచ్చాం. ఏం?"

"మధ్యాహ్నం దొడ్డి తలుపు దగ్గర పిలిచారు. మీ గొంతే. స్వప్నా, తలుపు తియ్యవే, తడిసిపోతన్నాను అన్నారు. మావయ్య పడుకుని ఉన్నారు. నేను వెళ్ళి తీశాను." దొడ్డి వైపు చూపించింది. "ఎవరూ లేరు. గీలీ రాఖ్, తడి బూడిద వాసన. బస్. అప్పట్నుంచి లోపల బిడ్డ కదలడం లేదు."

అప్ప ఆ పిల్ల పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. నేనూ బావా దొడ్డివైపు వెళ్ళాం. వాన పడిన మట్టి మెత్తగా ఉంది, మనిషి అడుగు ఒక్కటీ లేదు. తలుపు బయటి వైపు, మనిషి చెయ్యి ఆనించే ఎత్తులో, బూడిద మరక ఉంది. బావ తుడిచాడు. పోలేదు.

ఆ ఇంట్లో అంతకు ముందు ఎన్ని మధ్యాహ్నాలు తిరగలి తిరిగిందో, అన్నాళ్ళూ దొడ్డి తలుపు దగ్గర ఎవరూ పిలవలేదు. ఆ సంగతి అప్పటికి మా బుర్రలకి ఎక్కలేదు.

హరేలీ

పొద్దున్నే స్వప్నని డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. గుండె కొట్టుకుంటోంది, కానీ బిడ్డలో చలాకీతనం లేదు అంది. ఏదైనా తిని ఎడమవైపు తిరిగి పడుకోమంది, సాయంత్రంలోగా కదలిక రాకపోతే ఆలస్యం చెయ్యకుండా వచ్చి చేరిపోమంది. ఇంటికి వస్తూనే అప్ప ఆసుపత్రికి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

బయట ఊరంతా పండగలో ఉంది. ప్రతి గుమ్మానికీ వేపకొమ్మలు. గోడల మీద పేడతో గీసిన చిన్న చిన్న మనిషి బొమ్మలు, కాపలాకి. పిల్లలు వెదురు మరగాళ్ళు ఎక్కి బురదలో టకటకా నడుస్తున్నారు. రైతులు నాగళ్ళూ గునపాలూ కడిగి, బొట్లుపెట్టి, బియ్యప్పిండి అట్లు నైవేద్యం పెడుతున్నారు. వాటిని 'చీలా' అంటారు. మనం ఆయుధపూజకి చేసే పనే, కాకపోతే ఇక్కడ ఆ రోజంతా పనిముట్లు ముట్టరు. బావ కూడా షెడ్డు నాటి తన సామాను, స్పానర్లు, సుత్తి, పట్టకారు, పీట మీద పేర్చి కుంకం పెట్టాడు. "ఈయాల వీటికి డ్యూటీ నేదు" అన్నాడు. నవ్వబోయాడు, కుదరలేదు.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి చీకటి పడినట్టయింది. అప్పుడు వీధి గుమ్మం దగ్గరకు ఒక ముసలావిడ వచ్చి ఆగింది. బుధ్వారిన్ దాయి. ఇల్లమ్మిన ఆవిడ. అక్కడ పెద్దావిడల్ని దాయి, అంటే అమ్మ, అని పిలుస్తారు. ఒక చేతిలో ఆకులో చుట్టిన చీలాలు, మరో చేతిలో ఒక మేకు. గడప దాటడానికి కాలెత్తి, వెనక్కి తీసుకుంది.

"కోన్ బాంధిస్ హే?" అంది.

ఎవరు కట్టేశారు అని అడుగుతోందని స్వప్న చెప్పింది. ఆ పిల్లకి ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు. మేం ఎవరమూ మేకుల సంగతి బయట చెప్పలేదు.

"నేను తెచ్చాను" అన్నాను.

దాయి నన్ను తిట్టలేదు. తిరగలి గది వైపు చూసి, "భీతర్ మాయీ రోవత్ హే" అంది. లోపల అమ్మ ఏడుస్తోందట. నేను వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను. రాయి కదలబోయి ఆగుతోంది. మళ్ళీ కదలబోయి ఆగుతోంది.

గడప బయటే కూర్చుని దాయి చెప్పింది, స్వప్న తెలుగులో అందించింది. దాయి అత్తగారి అత్తగారికి పిల్లల్లేరట. ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నా బాలింతకి కావలసిన పిండి అంతా ఆవిడే విసిరేదట. పోయాక ఆ తిరగలికి ఎవరు పిడి పెట్టినా నిలవలేదు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే మాత్రం మధ్యాహ్నాలు అదే తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ దొడ్డి తలుపు దగ్గరకు ఏదీ రాదు. హరేలీనాడు వీధి గుమ్మానికి మేకు కొట్టి, తిరగలికి చీలా పెట్టడం ఆ ఇంటి ఆడవాళ్ళ ఆనవాయితీ.

"మరి ఇల్లమ్మేటప్పుడు సెప్పలేదేటి?" అంది అప్ప. గొంతులో కోపం లేదు, ఏడుపుంది.

"చెబితే ఏమంటారు? చెప్పకుండానే అన్నారు కదా" అంది దాయి.

స్వప్న గడప దగ్గరకు జరిగింది. అప్పుడు గమనించాను, దాయి గబుక్కున రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది. ఎందుకలా అంటే, ఆవిడ మామూలుగానే చెప్పింది. తను వీధిలో నడిస్తే తల్లులు పిల్లల మీద పైట కప్పేస్తారట, తన చేతులు కనబడకపోతేనే వాళ్ళకి ధైర్యమట.

"అత్తమ్మా" అంది స్వప్న. "నన్నెవరూ పూఛా నహీ, నేనూ చెప్పలేదు. ఆ తిరగలి ఆవాజ్ అంటే నాకు ఎప్పుడూ భయం లేదు. అది వింటేనే నిద్రపట్టేది. మొదటి బిడ్డ క్వార్టర్లో పోయింది, ఈ ఇంట్లో కాదు. మేకులు తీయించండి."

ఇన్ని రోజులుగా ఆ పిల్ల కోసం మేమందరం హడలిపోయాం, ఆ పిల్లని మాత్రం ఒక్కమాట అడగలేదు.

మూడు మూలల మేకులూ చేత్తో లాగితేనే వచ్చేశాయి. నాలుగోది రాలేదు. బావ వేళ్ళ తోలు లేచి నెత్తురొచ్చింది. అప్పుడే దొడ్డి తలుపు మీద ఎవరో తట్టారు.

"స్వప్నా. తలుపు తియ్యమ్మా. నేను, చిన్నత్తని."

అది నా గొంతు. నేను తిరగలి గదిలో బావ పక్కన నిలబడి ఉన్నాను. నా గొంతు దొడ్డి బయటనుంచి, నేను మా దుకాణంలో పిల్లల్ని పిలిచేంత ముద్దుగా పిలుస్తోంది. తడి బూడిద వాసన గది దాకా వచ్చేసింది. దొడ్డి తలుపు గొళ్ళెం దానంతటదే కదలడం విన్నాను. నోరు విప్పితే ఏ గొంతు వస్తుందోనని భయపడి నోరు మూసుకున్నాను.

స్వప్న మెల్లగా నడిచి వచ్చి తిరగలి పక్కన కూర్చుంది. పై రాయి మీద రెండు చేతులూ ఆనించింది. "ఆజీ, నేనిక్కడే ఉన్నాను. ఎవరికీ తలుపు తియ్యను" అంది, అవ్వతో చెప్పినట్టు.

"ఏటి సూస్తన్నారు?" అని అప్ప బావ మీద అరిచింది. "పట్టకారు తెండి!"

"పండగ కదే. ఈయాల ముట్టకూడదు."

"నా మనవల కన్నా పండగేటి!"

బావ పరిగెత్తి పీట మీది పట్టకారు తెచ్చాడు. కుంకం బొట్టు అలాగే ఉంది. "తప్పయితే నాదే తల్లీ" అని దాన్ని కళ్ళకద్దుకుని, మేకు తల పట్టి, గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. దొడ్డి గొళ్ళెం ఊడిన చప్పుడూ మేకు ఊడిన చప్పుడూ ఒకేసారి వినబడ్డాయి.

తిరగలి తిరిగింది.

నా కళ్ళముందే, పిడి లేని ఆ రాయి, స్వప్న అరచేతుల కిందనుంచి, మొదట నెమ్మదిగా, తర్వాత జోరుగా. అంచునుంచి తెల్లటి పిండి రాలడం మొదలుపెట్టింది. దొడ్డివైపు తలుపు ఒక్కసారి దభాలుమని మూసుకుంది. పిలుపు ఆగింది, వాసన పోయింది. వీధిలో పిల్లల మరగాళ్ళ టకటక మళ్ళీ వినబడింది.

స్వప్న ఉలిక్కిపడింది. నా చెయ్యి లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపలనుంచి గట్టిగా ఒక తాపు తగిలింది. నేను ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు.

డాక్టరమ్మ దగ్గరకి మళ్ళీ వెళ్ళాం. బిడ్డ హుషారుగా ఉంది, ఏం తినిపించారు అని అడిగింది. చీలా అని చెప్పాం.

తిరిగొచ్చాక అప్ప వీధి గుమ్మం దగ్గర దాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ద్వారబంధంలో కాస్త ఖాళీ చూసి దాయి తన మేకు కొట్టింది, ఒక్క దెబ్బకి దిగింది.

కోసా చీర

మర్నాడు సాయంత్రం నా బండి. చీర మాత్రం వదల్లేదు. తేనెరంగు కోసా, చేతిలో తీసుకుంటే బరువే లేదు. కొట్టువాడు చెప్పిన ధరలో సగానికి అడిగితే, వాడు కోప్పడకుండా టీ తెప్పించాడు. టీ తాగాక సిగ్గేసి ముప్పావుకి ఒప్పుకున్నాను. ఇలా ఓడించే మర్యాద మన ఊళ్ళలో లేదు.

దాలయ్య తాతకి మేకులు తిరిగిచ్చేశాను. ఏమైందని అడిగితే, మన మందు మంచిదే, రోగం కనుక్కోకుండా వేశాం అన్నాను. బండిలో పూరీలు పెట్టిన ఆవిడ ముఖం మళ్ళీ ఎక్కడైనా కనబడితే కాళ్ళకి దండం పెడదామని ఉంది.

దసరా రోజుల్లో స్వప్నకి ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళిన రోజు అప్ప వీడియో కాల్ చేసింది. వాకిలి నిండా జనం, రైల్వే కాలనీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళూ వీధిలోని వాళ్ళూ. పిల్ల పుట్టిన రోజునుంచీ తిరగలి ఆగిపోయిందట. ఆ చప్పుడు లేక తనకి మధ్యాహ్నం నిద్ర పట్టడం లేదని అప్ప ఒకటే గొణుగుడు.

మాట్లాడుతూనే పిల్లనెత్తుకుని జనాన్ని దాటుకుంటూ నడిచింది. తిరగలి గది గుమ్మం పక్కన, అందరికీ దూరంగా దాయి కూర్చుని ఉంది. అప్ప రావడం చూసి చేతులు కొంగులోకి లాక్కుంది. వాకిట్లో మాటలు ఆగిపోయాయి. వీధిలోని తల్లులు ఇద్దరు ముగ్గురు తమ పిల్లల్ని దగ్గరకి లాక్కోవడం నాకు ఫోన్లో కనబడింది.

"సేతులు బయటికి తియ్యి దాయీ" అంది అప్ప, అందరికీ వినబడేలా. "నీ పిల్లే, నీ గుంటే. ఎత్తుకో."

దాయి కదల్లేదు. అప్ప ఒక చేత్తో ఆ కొంగు తనే తప్పించి, పిల్లని ఆ ముసలి చేతుల్లో పెట్టేసింది. ఫోన్ ఒరిగిపోయింది, నాకు పైకప్పు పెంకులు తప్ప ఏమీ కనబడలేదు. ఆ నిశ్శబ్దంలో రాయి మీద రాయి, ఒక్క చుట్టు, నెమ్మదిగా తిరిగింది.

"ఇన్నావేటి సత్తీ?" అంది అప్ప.

విన్నానన్నాను.